వంటలో తప్పిన పిల్ల

మద్రాసులో గృహవిజ్ఞానం చదివి, పట్టా పుచ్చుకుని నెల్లూరికి తిరిగొచ్చిన రోజున మా అమ్మ నన్ను ఒకే ఒక్క ప్రశ్న అడిగింది.

"ఇప్పుడన్నా చారు పెట్టేది వచ్చిందా?"

నేను చారులో ఉండే పోషక విలువల గురించి కాస్త వివరంగా చెప్పాను. అమ్మ చివరిదాకా ఓపిగ్గా విని, లేచి వంటింట్లోకి పోయి తనే చారు పెట్టింది. నా చదువు గురించి మా ఇంట్లో మళ్లీ చర్చ జరగలేదు.

ఉద్యోగం మాత్రం వెంటనే దొరికింది. కొడవలూరు దాటి సముద్రం వైపు పోయే రోడ్డు మీద మిషన్ వాళ్లు ఎప్పుడో కట్టిన ఆడపిల్లల హైస్కూలు అది. పడమటి నుంచి వరి పొలాల పిల్లలు వచ్చేవారు, తూర్పు నుంచి చేపలు పట్టే పాళేల పిల్లలు వచ్చేవారు. పొలాల పిల్లలు ఎక్కువ. పాళేల పిల్లలు తక్కువ, అందులోనూ పై క్లాసులదాకా వచ్చేవాళ్లు మరీ తక్కువ. నేను చెప్పే పాఠానికి గృహవిజ్ఞానం అని పేరు. టీచరును అయివారమ్మ అనే ఆ ఊళ్లో మాత్రం నన్ను "వంట అయివారమ్మ" అనేవారు. వంట నేర్పడానికి మద్రాసులో చదవడం ఎందుకో ఆ ఊరికి అర్థం కాలేదు. కొన్ని రోజులు పోయాక నాకూ అర్థం కాలేదు.

బడి వెనక రేకుల షెడ్డు నా రాజ్యం. అందులో కిరసనాయిలు స్టౌలు ఉండేవి. కొన్ని వెలిగేవి, మిగిలినవి ప్రదర్శనకు. పుస్తకంలో స్పాంజి కేకు ఉంది, దాన్ని కాల్చే ఓవెన్ కూడా ఆ పుస్తకంలోనే ఉంది. అప్పుడే కొత్త తూకాలు వచ్చాయి. పుస్తకంలో ఔన్సులు, సర్కారు ఉత్తర్వుల్లో గ్రాములు, పిల్లల చేతుల్లో సోలలు, గిద్దలు. ఈ మూడింటినీ ఒకదానిలోంచి ఒకటి లాగుతూ నేను బోర్డు మీద లెక్క తేల్చేసరికి, పిల్లలు కంటి కొలతతో ఉప్మా చేసి దించి, సగం తినేసి కూడా ఉండేవారు.

మా హెడ్‌మిస్ట్రెస్ గారికి ఒక అలవాటు ఉండేది. సోమవారం పొద్దున ప్రార్థన అయ్యాక, ఫస్టు వచ్చినవాళ్ల సంగతి ఎత్తకుండా, కిందపడి లేచినవాళ్ల సంగతి చెప్పేవారు. ఫలానా పిల్ల జ్వరంతో వచ్చి పరీక్ష రాసింది, చప్పట్లు. ఫలానా పిల్ల హైజంపులో కర్రను ప్రతిసారీ పడగొట్టినా వరస వదల్లేదు, చప్పట్లు. ఆవిడ ఉద్దేశం చాలా మంచిది. పిల్లలకు మాత్రం ఆ చప్పట్లంటే హడలు. బెత్తం దెబ్బ తిన్నా రహస్యంగా ఉంటుంది, చప్పట్లు పడ్డాయంటే ఏదో ఘోరంగా తప్పినట్టు బడి మొత్తానికీ తెలిసిపోతుంది.

ఇక ఆ పిల్ల విషయానికి వస్తాను. వాళ్ల పాళెంలో ఎస్సెల్సీ దాకా వచ్చిన మొదటి ఆడపిల్ల. అమ్మా నాన్నా లేరు, అవ్వ పెంచింది. అవ్వ గంప నెత్తిన పెట్టుకుని ఊరూరా చేపలమ్మేది. ఆ పిల్లకు అయివారమ్మ కావాలని కోరిక. దేశానికి సేవ చేద్దామని కాదు, కారణం చాలా మామూలుది. వాళ్ల పాళెంలో ఒక బడి ఉంది. దానికి ఏ అయివారిని వేసినా, వచ్చి, ఎండుచేపల వాసన పీల్చి, సెలవు చీటీ రాసి పోయేవాడట.

"నాకు ఆ వాసన తెలీదు టీచర్," అంది నాతో ఒకసారి. "నన్నేస్తే ఉండిపోతా."

అంతకంటే గట్టి అర్హత నేను ఏ దరఖాస్తులోనూ చూడలేదు. కానీ ట్రైనింగు బడిలో చేరాలంటే ముందు ఎస్సెల్సీ పాసు కావాలి. లెక్కలు, ఇంగ్లీషు ఆ పిల్లకు కష్టమే. అయినా కిందా మీదా పడి లాక్కొచ్చింది. వంట గురించి మేమెవరం బెంగ పెట్టుకోలేదు. చిన్నప్పటి నుంచి ఇంట్లో పొయ్యి ముందు కూచున్న పిల్ల. నేనైతే వంట పరీక్షను ఆ పిల్లకిచ్చే సెలవు రోజుగా లెక్కేశాను.

మార్చిలో వంట పరీక్షకు పై జిల్లా నుంచి ఒక పరీక్షకురాలు వచ్చారు. డబ్బాలో చీటీలు వేసి తీయించారు. ఈ పిల్లకు "చేపల వంటకం" వచ్చింది. మిగతా పిల్లలు కుళ్లుకున్నారు. పాఠం చెప్పే టీచరు పరీక్ష గదిలో ఉండకూడదని నిబంధన, అందుకని నేను బయట వేపచెట్టు కింద కూచుని నిశ్చింతగా అల్లిక పని చేసుకుంటున్నాను. గంట కొట్టారు. ఆవిడ జట్కా ఎక్కి వెళ్లిపోయారు. పిల్లలు ఒక్కొక్కరే బయటికొచ్చారు. మా పిల్ల ముఖం వెలిగిపోతోంది.

"బాగా కుదిరింది టీచర్. మేడం గారిని రేపు రమ్మన్నా."

"ఎక్కడికి?"

"ఇక్కడికే. పులుసు తినేదానికి."

నాకు అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. నెల్లూరు వాళ్లకు చెప్పక్కర్లేదు గానీ, ఇతరుల కోసం చెబుతున్నాను. చేపల పులుసు మా వైపు వండిన రోజు తినేది కాదు. ఇవాళ వండి, మూత పెట్టి, రేపు తింటారు. రాత్రంతా ఊరితేగాని అది పులుసు కాదు, చింతపండు నీళ్లలో చేప మాత్రమే. ఆవిడ గరిటె పట్టుకుని బల్ల దగ్గరికి రాగానే మా పిల్ల కుండ మీద మూత పెట్టి, చేతులు కట్టుకుని, "రేపు రండి మేడం" అని మర్యాదగా ఆహ్వానించిందట. పరీక్షలు ఇంకా జరుగుతున్నాయి కదా, ఈవిడ ఊళ్లోనే ఉంటారని దాని లెక్క.

నేను పరుగెత్తాను. చీరతో పరుగెత్తడం మద్రాసులో మాకు నేర్పలేదు. రోడ్డు మీదికి చేరేసరికి జట్కా దుమ్ము మాత్రం కనిపించింది.

ఆవిడ ఇక రారని ఎవరం చెప్పకపోవడంతో మర్నాడు పొద్దున ఆ పిల్ల అరిటాకు కోసి, కడిగి, షెడ్డులో పీట వేసి కూచుంది. హెడ్‌మిస్ట్రెస్ గారు తనే పోయి సంగతి చెప్పారు. ఆ పూట మేం టీచర్లమంతా ఆ పులుసు తిన్నాం. అంత బాగున్న పులుసును అంత దిగులుగా తినడం మాకు అదే మొదటిసారి.

హెడ్‌మిస్ట్రెస్ గారు పైవాళ్లకు రాసి చూశారు. వంటకం పరీక్షకురాలి ముందు పెట్టలేదు కనుక మార్కులు లేవని జవాబొచ్చింది. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. రేపు పొద్దున తయారయ్యే జవాబుకు ఇవాళ మార్కులెవరు వేస్తారు?

జూన్‌లో ఫలితాలొచ్చాయి. ఇంగ్లీషులోనూ లెక్కల్లోనూ పాసై, వంటలో తప్పిన ఆడపిల్ల మా జిల్లాలో అదే మొదలై ఉండాలి. ఆ సాయంత్రమే అవ్వ వచ్చింది. ఖాళీ గంప వరండాలో దించి, నా ముందు నిలబడింది.

"నాకు తెలీక అడగతా అయివారమ్మా. ఇంగిలీసులో పాసయిందంట, లెక్కల్లో పాసయిందంట, వంటలో తప్పిందంట! ఇన్నేళ్లు దాని చేతి కూడు తినే గదా నేను ఊళ్లు తిరిగింది. చచ్చినానా?"

"చేతగాక కాదవ్వా. పరీక్ష పెట్టే ఆవిణ్ణి రేపు రమ్మనింది. ఆవిడ ఆ పూటే తినాలి."

"ఆ పూటే యాడ తింటారమ్మా పులుసు? దించంగానే తినేదానికి ఆమె ఏమన్నా ఆకలికి మాడి వచ్చిందా? సముద్రంలో ఈదతా ఉండేటప్పుడే తినమను, ఇంకా తొందరగా అయిపోతాది."

"పరీక్ష అంటే అంతే అవ్వా."

"మా ఇళ్లల్లో అట్టా లేదు. వచ్చే మనిషికి ఆ పూట పులుసు పెడితే ఏమని? నువ్వొస్తావని నిన్న మేం తలుచుకోలేదు అని. పెద్దమనిషిని అట్టా అవమానం చేస్తే మార్కులేస్తారా మీరు? బాగుండాది మీ బడి."

హెడ్‌మిస్ట్రెస్ గారు వచ్చి, సెప్టెంబరులో ఇంకో పరీక్ష ఉందనీ, ఆ ఒక్కటి గట్టెక్కితే ట్రైనింగు బడిలో చోటు తాను మాట్లాడి పెడతాననీ చెప్పారు. అవ్వ గంప అందుకుని చంకన పెట్టుకుంది.

"సెప్టెంబరు దాకా చూస్తా. అప్పుడు కూడా తప్పిందంటే నాతో గంపెత్తాల. నా మెడ ఇంక మొయ్యదమ్మా. అదొక్కతే ఉండాది నాకు."

ఆ మాటలో కోపం లేదు.

సోమవారం చప్పట్లు తప్పలేదు. "మన బడిలో ఒక పిల్ల ఇంగ్లీషుతో కుస్తీ పట్టి గెలిచింది, లెక్కలతో కుస్తీ పట్టి గెలిచింది. పులుసు దగ్గర మాత్రం రేపటిదాకా ఆగమంది. సెప్టెంబరులో మళ్లీ కూచుంటుంది," అన్నారు హెడ్‌మిస్ట్రెస్ గారు. బడి మొత్తం చప్పట్లు కొట్టింది. కొందరు నవ్వారు కూడా. ఆ పిల్ల తల వంచుకుని నిలబడింది. తర్వాత షెడ్డులోకొచ్చి, స్టౌ పిన్ను వెతుకుతూ, నా వైపు చూడకుండా, "ఇంకోసారి నాకు ఆ చప్పట్లు వద్దు టీచర్," అంది.

అప్పటి నుంచి మా పని మొదలైంది. పొద్దున పూట చిన్న క్లాసుల పిల్లలకు ఆ పిల్ల ఎక్కాలు చెప్పేది. సాయంత్రం చివరి గంట కొట్టాక షెడ్డులో పులుసు, డబ్బాలోంచి మళ్లీ అదే చీటీ వస్తే తప్పకూడదని. చేపలు తనే తెచ్చేది, మూటగట్టి చల్లగా ఉండేందుకు బడి బావిలోకి తాడుతో వేలాడదీసేది. ఒకసారి ఎవరో చేద వేసి నీళ్లతో పాటు మూట కూడా లాగారు. క్లాసంతా బావి చుట్టూ చేపలు ఏరుతుంటే ఆ రోజు చరిత్ర పాఠం జరగలేదు.

అసలు చిక్కు ఏమిటంటే, వండిన పూటే తినదగిన పులుసు మా ఎవరికీ తెలియదు. నేను బోర్డు మీద బొమ్మ వేసి, ఉప్పూ పులుపూ చేప ముక్కలోకి ఎలా ఇంకుతాయో, దానికి ఎందుకంత సమయం పడుతుందో శాస్త్రం ప్రకారం చెప్పాను. ఆ పిల్ల శ్రద్ధగా విని అడిగింది.

"దాన్ని తొందర పెట్టేదానికి కుదరదా టీచర్?"

మద్రాసులో చదివినన్నాళ్లూ ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. ఇద్దరం కలిసి తొందర పెట్టడం మొదలుపెట్టాం. ముక్కల మీద గాట్లు పెట్టి చూశాం, విరిగిపోయాయి. ముందే ఉప్పూ కారం పట్టించి చూశాం, కొంచెం నయం. నేను పుస్తకం చూసి వెనిగర్ వేయించాను, దాని గురించి ఇక్కడ రాయను. పులుసును విడిగా చాలాసేపు మరగబెట్టి, చివర్న ముక్కలు వేస్తే ఇంకొంచెం నయం. చివరికి వంజరం లాంటి పెద్ద చేప మానేసి, కవళ్లు లాంటి చిన్న చేపలకు దిగాం. చిన్న చేపకు ఊరడానికి అంత ఒళ్లు లేదు. ఈ ఆలోచన ముందు ఎవరికి వచ్చిందో ఇప్పుడు గుర్తు లేదు. నాకే వచ్చిందని చాలా ఏళ్లు చెప్పుకున్నాను.

రుచి చూసేందుకు మనుషుల కరువు లేదు. కానీ వాళ్లంతా నెల్లూరు వాళ్లు కావడంతో ఎవరు తిన్నా ఒకే మాట అనేవారు: "రేపటికి బాగుంటాది." మా వైపు పులుసుకు అంతకు మించిన మెప్పు లేదు. మాకు అంతకు మించిన దెబ్బ లేదు. పొగడ్త వినగానే ఆ పిల్ల ముఖం మాడిపోయేది. మా తెలుగు పండితులు శాకాహారి. గాలి ఎదురైనప్పుడల్లా ఆయన క్లాసును వేపచెట్టు అవతలికి మార్చుకునేవారు. కొన్ని వారాలకు ఆయనే "ఇవాళ మెంతులు మాడాయని చెప్పండమ్మా" అని కబురు పంపడం మొదలుపెట్టారు. ఒక్కసారి కూడా ఆయన మాట తప్పు కాలేదు.

ఈ సంగతి పొలాల పిల్లలకు పాకింది. మొదట్లో వాళ్లు, "ఏమ్మే, ఇయ్యాళ పులుసు ఇయ్యాళదేనా, నిన్నటిదా?" అని ఏడిపించేవారు. ఆ పిల్ల ఊరుకునే రకం కాదు. "నీకైతే ఎల్లుండిది పెడతాలే, కూచో," అనేది. కానీ ఏడిపించిన పిల్లలే ఇంటి నుంచి చింతపండు తెచ్చేవారు, కొత్త బియ్యం తెచ్చేవారు. ఒకమ్మాయి వాళ్ల దొడ్లో కాసిన పచ్చిమిరపకాయలు ఒళ్లో కట్టుకొచ్చి, లెక్కల క్లాసులో కళ్లు నులుముకుని, ఆ పూటంతా ఏడుస్తూ కూచుంది. లెక్కల టీచరు తన పాఠం మనసుకు పట్టిందనుకున్నారు.

ఆగస్టులో ఒక సాయంత్రం మా డ్రిల్లు టీచరు, మనిషీ తిండీ రెండూ నిండుగా ఉండే ఆవిడ, కవళ్ల పులుసుతో అన్నం కలుపుకుని తిన్నారు. అందరం ఆవిడ నోటి వైపే చూస్తున్నాం. ఆవిడ రేపటి మాట ఎత్తలేదు. ఏ మాటా ఎత్తలేదు. పళ్లెం మళ్లీ చాపారు. పిల్లలు అరిచిన అరుపుకు హెడ్‌మిస్ట్రెస్ గారు ఏదో పాము వచ్చిందనుకుని కర్ర తెచ్చారు.

ఆ ఉత్సాహంలో పరీక్ష లాంటి పరీక్ష పెడదామన్నాను. హెడ్‌మిస్ట్రెస్ గారు పరీక్షకురాలిగా బల్ల ముందు కూచున్నారు. పిల్ల చకచకా వండింది. గంట కొట్టాం. ఆవిడ గరిటె తీసుకున్నారు. అప్పుడు నా కళ్లముందే ఆ పిల్ల చెయ్యి, దానంతటదే, మూత అందుకుని కుండ మీద పెట్టేసింది.

పిల్ల నాలుక కరుచుకుంది.

"నేను అతిథిని కాదమ్మా. మార్కులేసేదాన్ని," అన్నారు హెడ్‌మిస్ట్రెస్ గారు మెల్లగా.

"తెలుసు మేడం. చెయ్యికి తెలీలా."

మళ్లీ చేయించాం. మళ్లీ మూతే. తోటి పిల్లలకు, డ్రిల్లు టీచరుకు చక్కగా వడ్డిస్తుంది. గౌరవించాల్సిన మనిషి ఎదురుగా కూచుంటే మాత్రం చెయ్యి మూత మీదికి పోతుంది. మూత దాచేశాం, పళ్లెం బోర్లించింది. పళ్లెం దాచాం, కొంగు అడ్డం పెట్టింది. వంట సంగతి తేలిపోయింది. ఇక మిగిలింది పెంపకం. అది ఏ పుస్తకంలోనూ లేదు, గ్రాముల్లోనూ లేదు. నేను ఒక ఉపాయం చెప్పాను: చీటీలో ఏదొచ్చినా సరే గాని, పరీక్షకురాలు నీ ఇష్టం అంటే మాత్రం ఉప్మా అను. ఉప్మా ఎప్పుడు తిన్నా ఎవరికీ అవమానం కాదు.

సెప్టెంబరు పరీక్షకు వేరే పరీక్షకురాలు వచ్చారు. పొద్దున్నే రావలసినావిడ మధ్యాహ్నం దాటాక వచ్చారు, అదీ నడిచి. బస్సు కొడవలూరు ఇవతల చెడిపోయిందట. ఎండలో చాలా దూరం నడిచి, చివర్లో గడ్డి బండి ఎక్కారట. జుట్టులో రెండు మూడు గడ్డిపరకలు ఇంకా ఉన్నాయి. చెప్పులు చేతిలో ఉన్నాయి. హెడ్‌మిస్ట్రెస్ గారు కాఫీ, పలహారం అన్నారు. ఆవిడ వద్దన్నారు. పరీక్ష ముగిసేదాకా బడివాళ్ల పెట్టుపోతలు పుచ్చుకోకూడదని ఆవిడ నియమం. నీళ్లు మాత్రం తాగారు.

వంట పరీక్షకు ఒక్కతే పిల్ల. నేను బయటికొచ్చేశాను. టీచరు గదిలో ఉండకూడదని నిబంధన ఉంది. కిటికీ గురించి నిబంధనల్లో ఏమీ లేదు.

"ఒక్కదానివే గదా, చీటీలెందుకు," అంటున్నారు ఆవిడ. "నీకు వచ్చింది చెయ్యమ్మా."

నేను కిటికీ అవతల "ఉప్మా, ఉప్మా" అని మనసులో జపం చేస్తున్నాను.

"చేపల పులుసు మేడం," అంది మా పిల్ల.

తర్వాత ఎందుకట్లా చేశావని అడిగితే, "తప్పింది దాంట్లోనే గదా టీచర్. ఉప్మాలో పాసయితే మాత్రం, పులుసులో తప్పింది అట్టనే ఉంటాది గదా," అంది. అప్పుడైతే నేను కిటికీ ఊచలు పట్టుకుని నిలబడిపోయాను.

స్టౌ మొదటిసారికే వెలిగింది, అదే ఒక అద్భుతం. పరీక్ష నియమం ప్రకారం పట్టికలో ఏ పని ఎంతసేపో ముందే రాసిచ్చింది. అన్నం వార్చింది, పొద్దున్నే తెచ్చి బావిలో వేలాడదీసిన చేపలు తీసి కడిగింది, ఉప్పూ కారం పట్టించింది, చింతపండు పిసికింది. మెంతులు మాడలేదు. పండితులు గారి వైపు నుంచి కబురేమీ రాలేదు కాబట్టి చెబుతున్నాను. పులుసు మరిగే వాసన షెడ్డు నిండా కమ్ముకుంది. నేను చూస్తున్నది కుండను కాదు, దాని పక్కనున్న మూతను.

పరీక్షకురాలు కుర్చీలో కూచుని కాగితాల మీద ఏదో రాస్తున్నారు. రాస్తూ రాస్తూ ఒకసారి కలం ఆపి, కళ్లు మూసుకుని, బల్ల అంచు పట్టుకున్నారు. మా పిల్ల అది చూసింది.

"మేడం, పొద్దున ఏం తిన్నారు?"

పరీక్షలో ప్రశ్నలడిగే హక్కు ఎవరిదో ఆవిడ గుర్తు చేస్తారనుకున్నాను. ఆవిడ అలిసిపోయి ఉన్నారు, అందుకని నిజం చెప్పారు.

"తెల్లవారకముందు కాఫీ తాగానమ్మా. అంతే."

పిల్ల ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. స్టౌ ఆర్పింది. పళ్లెం తీసి అన్నం పెట్టింది, దాని మీద పులుసు పోసింది, చేపలు విరక్కుండా పక్కన పేర్చింది. పళ్లెం ఆవిడ ముందు పెట్టి, చెంబుతో నీళ్లు తెచ్చి, చెయ్యి కడుక్కోమని గిన్నె పట్టుకుంది. మూత ఎక్కడుందో అసలు చూడనే లేదు. గంట కొట్టడానికి ఇంకా వ్యవధి ఉంది.

"ఇంకా టైముందమ్మా," అన్నారు ఆవిడ.

"ఆకలికి టైమేంది మేడం, తినండి."

పరీక్షకులు వంటకాన్ని రుచి చూడాలని నిబంధన. భోంచేయకూడదని నిబంధన ఎక్కడా లేదు. ఆవిడ మొదట చెంచాతో రుచి చూశారు. తర్వాత చెంచా పక్కన పెట్టారు. ఆ తర్వాత నేను కిటికీ దగ్గర్నుంచి తప్పుకున్నాను. ఆకలిగొన్న మనిషి తింటుంటే తొంగిచూడటం బాగుండదు.

ఆవిణ్ణి జట్కా ఎక్కించి వచ్చేసరికి మా పిల్ల కుండ బోర్లించి తోముతోంది. ముఖం చిన్నబోయి ఉంది.

"ఏమయింది? బాగా తిన్నారు కదా."

"అంతా తినేసినారు టీచర్. రేపటికి కొంచెం కూడా మిగల్లా." కుండలోకి చూస్తూ నిట్టూర్చింది. "రేపు తింటే తెలిసేది ఆమెకు, నాకు వంట వచ్చని."

ఫలితం రావడానికి కొన్ని వారాలు పట్టింది. పాసయింది. పాసుకు కావలసినన్ని మార్కులు, వాటి మీద మర్యాదకు ఒకటి రెండు. పట్టికలో రాసుకున్న సమయానికి ముందే వడ్డించినందుకు మార్కులు తగ్గించారట. ఆవిడ నియమం ఆవిడది. నాకు ఆవిడ మీద గౌరవం పెరిగింది.

ఆ సాయంత్రం హెడ్‌మిస్ట్రెస్ గారూ నేనూ ఆ పిల్లతో కలిసి పాళెం పోయాం. సరుగుడు తోటలు దాటగానే ఎండుచేపల వాసన ఎదురొచ్చింది. సెలవు చీటీ రాసిన అయివార్ల మీద నాకు కొంచెం జాలి కలిగింది. అవ్వ ఇంటి ముందు ఇసకలో కూచుని ఖాళీ గంప కడుక్కుంటోంది.

"పాసయిందవ్వా," అన్నారు హెడ్‌మిస్ట్రెస్ గారు.

"దేంట్లో?"

"వంటలో."

"దాంట్లో అది ఎప్పుడో పాసయిండాదమ్మా. మీకిప్పుడు తెలిసింది." అవ్వ గంప బోర్లించి మా కోసం పీటలు వేసింది. చుట్టుపక్కల ఆడవాళ్లు వచ్చి నిలబడ్డారు. అందులో ఒకామె, "ఏమ్మే, రెండుసార్లు వండితేగాని రాలేదా నీకు?" అంది. అందరూ నవ్వారు, మా పిల్ల కూడా నవ్వింది.

హెడ్‌మిస్ట్రెస్ గారు నెల్లూరు ట్రైనింగు బడి సంగతి చెప్పారు. చోటుంది, హాస్టలుంది, రెండేళ్లు చదివితే చాలు. అవ్వ వింటూ మెడ వెనక చెయ్యి వేసి రుద్దుకుంటూ ఉంది. పిల్ల గుమ్మం దగ్గర నిలబడి, గోడ మీద లేని మట్టిని గోటితో గీకుతోంది.

"ఆ హాస్టల్లో కూడెవురు వండతారు?" అడిగింది అవ్వ.

"వంటమనిషి ఉంటుంది."

"పులుసు?"

అబద్ధమాడటం హెడ్‌మిస్ట్రెస్ గారికి రాదు. "పెడతారు. ఏ పూటకు ఆ పూటే."

అవ్వ మనవరాలి వైపు చూసింది. ఇంత దూరం వచ్చి ఇక్కడ తప్పామని నేననుకున్నాను.

"ఎప్పుడు పోవాల?"

"ఇప్పటికే ఆలస్యమయింది. రేపు బయలుదేరితే మంచిది."

"రేపు కుదరదు," అంది అవ్వ ఖచ్చితంగా. గుమ్మం దగ్గర గోడ గీకడం ఆగిపోయింది. "ఇయ్యాళ చేపలన్నీ అమ్మేసినా. పొద్దున పడవలొచ్చినాక మంచి వంజరం చూసి తెస్తా. రేపు వండతా. ఎల్లుండి పొద్దున బస్సెక్కిచ్చండి."